స్పీకరు వైరు: ఏది కొనాలి, ఎలా కలపాలి, సరిగ్గా కలిపామని ఎలా తెలుసుకోవాలి

మ్యూజిక్ సిస్టమ్ కొత్తగా కొన్నవాళ్లు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. "ఏ వైరు కొనాలన్నా?" అనేది మొదటిది. పది రోజుల తరువాత వచ్చే రెండోది, "బేస్ రావడం లేదన్నా, వైరు మార్చాలా?" మిర్యాలగూడ నుంచి అడిగినా వనపర్తి నుంచి అడిగినా నా జవాబు మారదు కాబట్టి, ఈసారి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా నా పక్షం చెప్పేస్తాను. వైరుకు వేలకు వేలు పోయకండి. అసలైన రాగి, దూరానికి సరిపడా మందం, బిగువైన జాయింటు ఉంటే చాలు. నేను చూసిన ఇళ్లలో సమస్య ఎక్కువగా వైరు కొసన ఉన్న అరంగుళంలోనే దొరికింది.

కావలసినవి

- ఎరుపు, నలుపు జోడు స్పీకరు వైరు, కొలతకు సరిపడా
- వైరు తొడుగు తీసే స్ట్రిప్పర్. లేకపోతే పదునైన బ్లేడు, కొంచెం ఓపిక
- కొలత టేపు లేదా పొడవాటి నవారు
- మామూలు మల్టీమీటరు
- గడియారాల్లో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ఒకటి
- ఇన్సులేషన్ టేపు, పేర్లు రాసి అంటించడానికి తెల్ల టేపు
- గోడ వెంట వెళ్లాలంటే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ

బనానా ప్లగ్గులు, అంటే వైరు కొసకు బిగించి టెర్మినల్‌లో నేరుగా దూర్చే పిన్నులు, మీ ఇష్టం. ఉంటే సుఖం, లేకపోతే లోటు లేదు.

1. స్పీకరు వెనుక, ఆంప్లిఫయర్ వెనుక రాసి ఉన్నది చదవండి

స్పీకరు వెనుక 4, 6 లేదా 8 ఓములు అని ఉంటుంది. ఆంప్లిఫయర్ వెనుక అది ఎన్ని ఓముల వరకు మోయగలదో ఉంటుంది. ఈ రెండు అంకెలనూ ఫోనులో ఫోటో తీసుకోండి. దుకాణంలో అడుగుతారు, మనం మర్చిపోతాం.

2. దారి కొలవండి

ఆంప్లిఫయర్ నుంచి స్పీకరుకు గాలిలో గీసిన గీత లెక్కలోకి రాదు. వైరు గోడ వెంట, గుమ్మం పైనుంచి, అలమర వెనుక నుంచి ఎలా వెళుతుందో అలాగే నవారు పరిచి కొలవండి. దానికి ఒక మీటరు కలపండి. దుమ్ము దులపడానికి స్పీకరును ముందుకు లాగితే అవసరమవుతుంది.

ఎడమ, కుడి వైర్లు ఒకే పొడవు ఉండాలన్న నియమం చాలామంది పట్టుకుని ఉంటారు. ఒకటి మూడు మీటర్లు, ఒకటి ఆరు మీటర్లు ఉన్నా మీ చెవికి తేడా తెలియదు. పొడవు సమానం చేయడానికని మిగిలిన వైరును ఆంప్లిఫయర్ మీద చుట్ట చుట్టి పెట్టడం మాత్రం తప్పు. మన ఎండాకాలంలో దాని వేడి బయటికి పోవడమే కష్టం, పైన దుప్పటి కప్పినట్టు అవుతుంది.

3. మందం తేల్చుకోండి

సిద్ధాంతం ఇంతే: వైరు నిరోధం, అంటే అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఓముల్లో చెప్పే అంకె, స్పీకరు ఓముల్లో 5 శాతం దాటకుండా చూసుకోవాలి. కరెంటు వెళ్లిరావాలి కాబట్టి దూరాన్ని రెండింతలు చేసి లెక్కించాలి. ఆ లెక్క నేనే చేసి పెట్టాను. మీరు కొలిచిన దూరం కింది అంకెలకు లోపల ఉంటే సరి. ఇవి రాగి వైరుకు మాత్రమే వర్తిస్తాయి.

- 0.75 చదరపు మిల్లీమీటర్లు: 8 ఓముల స్పీకరుకు 8 మీటర్లు, 4 ఓములకు 4 మీటర్లు
- 1 చదరపు మిల్లీమీటరు: 11 మీటర్లు, 5.5 మీటర్లు
- 1.5 చదరపు మిల్లీమీటర్లు: 17 మీటర్లు, 8 మీటర్లు
- 2.5 చదరపు మిల్లీమీటర్లు: 28 మీటర్లు, 14 మీటర్లు

మన ఇళ్లలో హాలు ఎంత పెద్దదైనా ముందు స్పీకర్లకు వైరు దారి ఎనిమిది మీటర్లు దాటడం అరుదు. అందుకే అనుమానం ఉంటే "ఒకటిన్నర" అడిగి తెచ్చుకోండి. పై అంతస్తుకు, వెనుక గోడ దాకా వెళ్లే వైర్లకు, 4 ఓముల స్పీకర్లకు రెండున్నర తీసుకోండి. అంతకు మించింది ఇంట్లో అక్కర్లేదు. పైగా లావు వైరు చిన్న స్ప్రింగ్ క్లిప్పులో దూరదు.

కొన్ని ప్యాకెట్ల మీద గేజ్ అంకె ఉంటుంది. అది తలకిందుల లెక్క, అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 18 గేజ్ అంటే దాదాపు 0.8 చదరపు మిల్లీమీటర్లు, 16 అంటే 1.3, 14 అంటే 2.1, 12 అంటే 3.3. ఇంకొన్నిటి మీద 48/0.2 అని ఉంటుంది. అంటే 0.2 మిల్లీమీటర్ల పోగులు 48 ఉన్నాయని, మొత్తం ఒకటిన్నర అని అర్థం. 24/0.2 అయితే ముప్పావు. "వంద పోగుల వైరు" అని మాత్రమే చెప్పి అమ్మితే మోసపోవద్దు. పోగు మందం చెప్పకుండా పోగుల సంఖ్య చెప్పడం, బియ్యం బస్తా బరువు చెప్పకుండా గింజల లెక్క చెప్పడం లాంటిది.

4. దుకాణంలోనే రాగిని పరీక్షించండి

నల్లగొండలో కొన్నా మహబూబ్‌నగర్‌లో కొన్నా ఇక్కడ మొహమాటపడకండి. ఈ రోజుల్లో రాగి రంగులో మెరిసే వైర్లలో చాలావరకు లోపల అల్యూమినియం, పైన సన్నని రాగి పూత. దాని నిరోధం అంతే మందమున్న రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. రెండు మూడు సార్లు వంచితే పోగులు పుటుక్కున తెగుతాయి. తక్కువ ధరకు, అదేమిటో చెప్పి అమ్మితే నేరమేమీ లేదు. ఒక మందం ఎక్కువది తీసుకుని వాడుకోవచ్చు. రాగి ధరకు అమ్మితేనే మనకు పేచీ.

మొదటి పరీక్ష: ఒక పోగు బయటికి తీసి బ్లేడుతో గట్టిగా గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా తేలితే అల్యూమినియం. దీనికి ఒక తిరకాసు ఉంది. కొన్ని మంచి వైర్లలో రాగి మీద తగరం పూత ఉంటుంది. అవి పైకి తెల్లగా, గీకితే లోపల ఎర్రగా ఉంటాయి. పైరంగు చూసి వాటిని వెనక్కి ఇచ్చేయకండి. పారదర్శక తొడుగులో ఒక తీగ ఎర్రగా, ఒకటి తెల్లగా కనిపించే వైరులోనూ తెల్లదాన్ని గీకి చూసే తీర్పు చెప్పాలి.

రెండో పరీక్ష: బరువు. ఒకటిన్నర జోడు వైరు పది మీటర్లు అంటే లోపల ఇరవై మీటర్ల తీగ ఉంటుంది. రాగి బరువే దాదాపు 270 గ్రాములు, తొడుగు బరువు అదనం. కాంటా మీద మొత్తం వైరు రెండువందల గ్రాములు కూడా తూగకపోతే అది రాగి కాదు, లేదా ఒకటిన్నర కాదు. పక్కనే కిరాణా దుకాణం ఎలాగూ ఉంటుంది.

మూడోది, 90 మీటర్ల పూర్తి చుట్ట కొనేవాళ్ల కోసం. ఒక తీగ రెండు కొసల మధ్య మల్టీమీటరు పెడితే ఒకటిన్నర రాగి వైరు 1 నుంచి 1.2 ఓముల వరకు చూపాలి. మీటరు తీగల సొంత నిరోధం ముందు కొలిచి తీసివేయడం మర్చిపోకండి. పది మీటర్ల ముక్కకు ఈ పరీక్ష పనికిరాదు, చవక మీటరుకు అంత సూక్ష్మం అందదు.

ఒకవేళ మీ ఊళ్లో స్పీకరు వైరు పేరుతో దొరికేదంతా పూత రకమే అయితే, నాకు నచ్చిన ప్రత్యామ్నాయం చెబుతాను. ఇంటి వైరింగుకు వాడే ఐఎస్ఐ గుర్తున్న ఒకటిన్నర రాగి వైరు, ఎరుపు ఒకటి నలుపు ఒకటి తీసుకుని, ఒక కొస తలుపు గడియకు కట్టి రెండిటినీ కలిపి పురి పెట్టండి. ఇది ఏ ఖరీదైన వైరుకూ తీసిపోదు. ఒక్క హెచ్చరిక: ఇది చూడటానికి కరెంటు వైరులాగే ఉంటుంది. రేపు ఏ ఎలక్ట్రీషియనో వచ్చి దీన్ని మెయిన్‌కు కలిపేస్తే స్పీకరూ ఆంప్లిఫయరూ రెండూ పోతాయి, మనిషికి షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. రెండు కొసలా "స్పీకరు" అని టేపు అంటించండి, గోడలో స్విచ్ బోర్డు డబ్బాల గుండా దీన్ని తీయకండి.

ఇక వేల రూపాయల కేబుళ్ల సంగతి. 2007లో అమెరికాలో జేమ్స్ రాండీ అనే ఆయన, 7,250 డాలర్ల స్పీకరు కేబుల్‌కూ సాధారణ కేబుల్‌కూ తేడాను కళ్లు మూసుకుని చెవితో పట్టిచూపితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నారు. ఆ పరీక్ష చివరికి జరగనేలేదు. వైరు మీద బాణం గుర్తు ఉంది, ఎటు పెట్టాలని అడిగేవారికి: ఎటైనా పెట్టండి.

5. దారి వేయండి

ఎలుకలు. మన ప్రాంతంలో వైరుకు మొదటి శత్రువు ఇదే, వరి కోతల తరువాత మరీ ఎక్కువ. సోఫా కింద, బియ్యం డ్రమ్ముల వెనుక వదులుగా వేసిన వైరు తొడుగును కొరికేస్తే రెండు తీగలూ తాకి ఆంప్లిఫయర్‌కు షార్ట్ అవుతుంది. కేసింగ్ పట్టీ ఖర్చు చాలా తక్కువ, అది వేయించండి. తలుపు కింద నుంచి తీయకండి. షాబాదు బండల సందుల్లో వైరు పెట్టి సిమెంటు పూసేయడం కూడా చూశాను. తరువాత ఏదైనా తేడా వస్తే బండ పగలగొట్టాల్సిందే.

కరెంటు వైరు ఉన్న పైపులోనే స్పీకరు వైరు వేయవద్దు. ఇది హోరు గురించి చెబుతున్న మాట కాదు, ప్రాణం గురించి. విడి దారిలో కూడా పక్కపక్కనే చాలా దూరం వెళ్లకుండా, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. కొత్త ఇల్లు కడుతుంటే స్లాబు పోయకముందే స్పీకర్ల కోసం వేరే పైపు వేయమని చెప్పి, అందులో ఒక నైలాను తాడు వదిలిపెట్టండి.

మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వేయడం మేలు. తప్పనిసరైతే రెండు తీగల అతుకులు ఒకదాని పక్కన ఒకటి రాకుండా రెండు అంగుళాలు ఎడంగా పెట్టండి. టేపు జారినా ఒకదానికొకటి తాకవు.

6. కొసలు సిద్ధం చేయండి

గోడ నుంచి ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకేయండి. రిమోట్‌తో ఆపడం ఆపడం కాదు.

వైరు కొసన తొడుగు ఒక సెంటీమీటరు, మహా అయితే 12 మిల్లీమీటర్లు తీయండి. పళ్లతో పీకకండి. బ్లేడు వాడితే తొడుగు మీద చుట్టూ తేలికగా గీత పెట్టి, వంచి, లాగండి. రాగి దాకా కోస్తే నాలుగైదు పోగులు తెగి రాలిపోతాయి. తెగితే ఆ కొసను కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. అందుకే మీటరు ఎక్కువ కొనమన్నది.

పోగులను వాటి సహజమైన మెలిక వైపే గట్టిగా పురి పెట్టండి. ఒక్క వెంట్రుక పోగు కూడా బయటికి రాకూడదు. మరలో బిగించే కొసకు సీసం పెట్టకండి. టంకం చూడటానికి గట్టిగా ఉన్నా ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి కొన్నాళ్లకు జాయింటు వదులవుతుంది.

7. ఎరుపు ఎటు, నలుపు ఎటు

రంగులున్న వైరుతో గొడవ లేదు. రెండూ ఒకే రంగైతే ఒకదాని తొడుగు మీద గీతో, అక్షరాలో, వేలికి తగిలే గాడియో ఉంటుంది. దాన్ని ప్లస్ అనుకోండి, అన్ని కొసల్లోనూ అదే అనుకోండి. ఏమీ కనిపించకపోతే మల్టీమీటరు బీప్‌తో ఏ కొస దేనిదో పట్టుకుని టేపు చుట్టండి.

8. కలపండి

ఆంప్లిఫయర్ ఎడమ ఎరుపు నుంచి ఎడమ స్పీకరు ఎరుపుకు, నలుపు నుంచి నలుపుకు. కుడి వైపు కూడా అంతే.

నట్టు తిరిగే పోస్టు అయితే నట్టు వదులు చేసి, రంధ్రంలో రాగిని దూర్చి, వేళ్లతో గట్టిగా బిగించండి. పటకారు పెట్టకండి, ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. స్ప్రింగ్ క్లిప్పు అయితే రాగి మీద కరవాలి, తొడుగు మీద కరవకూడదు. మెల్లగా లాగి చూడండి. జారి వస్తే సరిగ్గా పట్టలేదు. బనానా ప్లగ్గు అయితే పోస్టు మధ్యలో ప్లాస్టిక్ బిరడా ఉంటుంది, అది పీకితే గాని ప్లగ్గు దూరదు.

స్పీకరు వెనుక రెండుకు బదులు నాలుగు పోస్టులుండి, వాటిని కలుపుతూ రేకు పట్టీ ఉంటే దాన్ని అలాగే ఉంచి ఒక జతకే కలపండి. "పైన శబ్దం వస్తోంది, కింద రావడం లేదు" అంటే ఎవరో ఆ పట్టీ తీసి పారేశారని అర్థం.

ఇక్కడ చేయకూడనివి రెండున్నాయి. వైరు కలిసివస్తుందని రెండు స్పీకర్లకూ ఒకే నలుపు తీగ వేయకండి. చాలా ఆంప్లిఫయర్లలో నలుపు టెర్మినల్ నేలకు సమానం కాదు, రెండు నలుపులూ కలిస్తే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. అలాగే ఒకే టెర్మినల్‌కు మరో గదికని రెండో స్పీకరు కలపకండి. 8 ఓములవి రెండు అలా కలిపితే ఆంప్లిఫయర్‌కు 4 ఓములుగా కనిపిస్తాయి. వెనుక ఫోటోలో 4 ఓములకు అనుమతి ఉంటేనే ఆ పని. ఫంక్షన్ హాళ్లలో పది స్పీకర్లు ఒకే దారిలో వేస్తారు కదా అంటారు. వాళ్ల పద్ధతి వేరు, యంత్రాలు వేరు.

9. స్విచ్ వేయకముందే చూసుకోండి

ఆంప్లిఫయర్ వైపు కొసలు తీసి, ఆ జత మధ్య మల్టీమీటరు పెట్టండి. 8 ఓముల స్పీకరు దాదాపు 6 చూపుతుంది, 4 ఓములది 3కు కాస్త పైన. తక్కువ చూపిందని కంగారు పడకండి, అది సహజం. సున్నా దగ్గర చూపితే ఎక్కడో రెండు తీగలు తాకుతున్నాయి. అసలేమీ చూపకపోతే ఎక్కడో ఊడింది. స్విచ్ వేసే ముందు ఈ ఒక్క నిమిషం ఖర్చు పెట్టండి.

తరువాత బ్యాటరీ. అదే జత కొసల్లో ఎరుపును బ్యాటరీ ప్లస్‌కు, నలుపును మైనస్‌కు క్షణంపాటు తాకించండి. టక్కున శబ్దం వస్తుంది. ఇంకొకరిని స్పీకరు ముందు నిలబెట్టి చూడమనండి, పెద్ద కోన్ ముందుకు రావాలి. వెనక్కి వెళితే ఎక్కడో ఎరుపు నలుపు తారుమారైంది. రెండు స్పీకర్లూ ఒకేలా కదలడం ముఖ్యం. బ్యాటరీ పరీక్ష ఆంప్లిఫయర్‌కు కలిపి ఉండగా చేయకండి.

10. తక్కువ వాల్యూమ్‌తో మొదలుపెట్టండి

వార్తలు చదివే గొంతు పెట్టి రెండు స్పీకర్లకు సరిగ్గా మధ్యలో కూర్చోండి. గొంతు ఎదుట, మధ్య నుంచి వినిపించాలి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియక గదంతా పాకుతున్నట్టుంటే, బేస్ పలచగా ఉంటే, ఒక స్పీకరు తారుమారైంది. అనుమానం తీరకపోతే స్విచ్ ఆపి, ఒకే స్పీకరు వెనుక ఎరుపు నలుపు మార్చి మళ్లీ వినండి. బేస్ ఎక్కువ వచ్చినదే సరైన అమరిక.

నేనే ఇందులో బోల్తా పడ్డాను. వనపర్తిలో మా బావగారింట్లో కొత్త సెట్టు బిగించి, బేస్ లేదని రెండుసార్లు వెళ్లి స్పీకర్లు జరిపి, గోడకు పరదాలు కూడా కట్టించాను. మూడోసారి మా మేనల్లుడు వెనుకకు వంగి, "మామయ్యా, ఇక్కడ ఎర్రది నల్లదాంట్లో ఉంది" అన్నాడు. పరదాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, అక్కయ్యకు నచ్చాయట.

ఇంకా తరచుగా వచ్చే ఫిర్యాదులు

వాల్యూమ్ పెంచగానే ఆంప్లిఫయర్ ఆగిపోయి ప్రొటెక్ట్ దీపం వెలుగుతోందా? ముందు అన్ని కొసలూ టార్చి వేసి చూడండి. నల్లగొండలో మా పక్కింటివారి సెట్టును బాగుచేయించడానికి హైదరాబాదు పంపబోతుంటే, ఎరుపు పోస్టు నుంచి నలుపు వైపు వంగిన ఒకే ఒక్క పోగు కనిపించింది. కత్తిరించాక సెట్టు ఎక్కడికీ వెళ్లలేదు. కొసలన్నీ బాగుంటే వైర్లు తీసేసి స్విచ్ వేయండి. అప్పటికీ దీపం వెలిగితే తప్పు వైరుది కాదు, అప్పుడు మెకానిక్‌ను పిలవండి.

హోరు వస్తోందా? స్పీకరు వైరు దానికి కారణం కావడం చాలా అరుదు. టీవీ నుంచి, డిష్ డబ్బా నుంచి ఆంప్లిఫయర్‌కు వచ్చే సన్న కేబుళ్లను ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఏది తీస్తే ఆగుతుందో అదే దోషి.

ఒక స్పీకరు అప్పుడప్పుడు గరగరమంటోందా? స్విచ్ ఆపి ఎడమ, కుడి వైర్లను ఆంప్లిఫయర్ వైపు పరస్పరం మార్చండి. గరగర రెండో స్పీకరుకు మారితే తప్పు ఆంప్లిఫయర్‌దో, పాట వచ్చే కేబుల్‌దో. మారకపోతే ఆ వైరుదో స్పీకరుదో.

కొస పచ్చగా, నల్లగా మారిందా? ఆ అంగుళం కత్తిరించి కొత్త రాగి తేలేలా తొడుగు తీసి మళ్లీ బిగించండి. డాబా మీద స్పీకరు పెట్టినవాళ్లు వైరు తొడుగును ఏటా చూసుకోవాలి. ఎండకు గట్టిపడి, వంచితే పెచ్చులు లేస్తుంది.

కొత్తగా బిగించిన నట్లు నెలా రెండు నెలల్లో కొద్దిగా వదులవుతాయి, ఎందుకంటే పురి పెట్టిన పోగులు అణిగి సర్దుకుంటాయి. ప్లగ్గు పీకి ఒకసారి అన్నీ వేళ్లతో బిగించండి. ఆ తరువాత ఏటా దసరాకు ఇల్లు దులిపేటప్పుడు చూసుకుంటే సరిపోతుంది. మిగిలిన వైరు ముక్క మీద మందం రాసి స్పీకరు పెట్టెలో పడేయండి, వచ్చే ఏడాది ఎలుక కొరికినప్పుడు అదే రకం వెతుక్కోనక్కర్లేదు.